ఇంజన్ మీద అక్షింతలు

కరోనా సద్దుమణిగిన రెండో ఏడాది, ఎండాకాలం. ఆదోనిలో పత్తి మిల్లుల వరస దాటి ఎమ్మిగనూరు రోడ్డెక్కే చోట నా రేకుల షెడ్డు ఉంది. డీజిల్ ఇంజన్లు విప్పడం, బిగించడం నా వృత్తి. పేరు ఈరన్న. నాతో పాటు ఖాజా పనిచేస్తాడు. వయసులో నాకంటే పదేళ్లు చిన్న, ఓపికలో పదేళ్లు పెద్ద. నాకు కోపం ఎక్కువ. చేతిలోని స్పానర్ విసిరేసిన రోజులున్నాయి. ఖాజా వెళ్లి దాన్ని తెచ్చి, తుడిచి, మళ్లీ నా చేతికే ఇచ్చిన రోజులూ ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎన్నో బండ్లు చూశాను కానీ, ఎవరైనా మీ పనిలో మరిచిపోలేనిది ఏదని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది వీరేశ్ పికప్ బండి.

వీరేశ్‌ది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. ఒకప్పుడు ఇంటి నిండా మగ్గాలు ఆడేవట. ఇప్పుడు ఒక్కటి మిగిలింది, దాని మీద వాళ్ల నాన్న కూర్చుంటాడు. ఆ ఒక్క మగ్గం ఇల్లంతటికీ తిండి పెట్టదు కాబట్టి వీరేశ్ పికప్ బండి కొన్నాడు. వీధిలో నేసినవాళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు బజారుకు చేరవేస్తాడు, తిరుగు ప్రయాణంలో నూలు మూటలు తెస్తాడు. టమోటా కాలంలో పత్తికొండ మార్కెట్టుకు పోతాడు. ఆ బండి నాలుగు రోజులు ఆగితే ఇంట్లో పొయ్యి సంగతి ఆలోచించుకోవాల్సిందే.

ఆ బండి ఒకరోజు ట్రాక్టర్ వెనక తాడు కట్టించుకుని నా షెడ్డుకు వచ్చింది. బానెట్ ఎత్తగానే కాలిన వాసన గుప్పుమంది. రేడియేటర్ కారుతోందని తెలిసి కూడా, టమోటాలు పాడైపోతాయని, దారిలో కనిపించిన ప్రతి బోరింగు దగ్గరా ఆగి నీళ్లు పోసుకుంటూ నడిపాడు.

"నీళ్లు పోస్తానే ఉంటినన్నా, ఆగిపోయింది," అన్నాడు వీరేశ్.

"నీళ్లు పోసి పెంచనీకి ఇదేమన్న నిమ్మసెట్టాప్పా? రేడియేటర్ బాగుసేయించల్ల గదా!" అని అరిచాను. అరిచి లాభం లేదు. విప్పి చూస్తే సిలిండర్ల నడుమ బ్లాక్ పగిలింది. బ్లాక్ అంటే ఇంజన్‌కు ఒళ్లు లాంటిది. అది పగిలితే మళ్లీ బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేసే పద్ధతి పనికిరాదు.

ఇక మిగిలినవి రెండు దారులు. మొదటిది, పాత సామాన్ల అంగడిలో ఎక్కడో గుద్దుకున్న బండి ఇంజన్ తెచ్చి వేయడం. అది ఎంత తిరిగిందో, ఎవరు నడిపారో దేవుడికే తెలియాలి. రెండోది రీమాన్యుఫ్యాక్చర్డ్ ఇంజన్. ఈ మాట మా వైపు అప్పుడప్పుడే వినబడుతోంది. పాత ఇంజన్‌నే కంపెనీవాళ్లు ముక్క ముక్కా విప్పి, కడిగి, కొలిచి, అరిగినవన్నీ తీసేసి కొత్తవి వేసి, మెషీన్ల మీద మళ్లీ తయారుచేస్తారు. నడిపి పరీక్షించి సీలు వేసి పంపుతారు. వారంటీ ఇస్తారు. బదులుగా మన పాత ఇంజన్ వాళ్లకు ఇచ్చేయాలి. దాన్ని కోర్ అంటారు. మన కోర్ వాళ్ల దగ్గర మళ్లీ ఇంకొకరి కోసం తయారవుతుంది.

వీరేశ్‌కు నమ్మకం కుదరలేదు. "పాతదానికే రంగు పూసి మనకు అంటగడ్తారేమోన్నా," అన్నాడు.

"అంటగడ్తే నా గొంతు పట్టుకో," అన్నాను. ఆ మాట అనేశాక నాకూ లోపల కొంచెం బెరుకుగానే ఉంది. ఎందుకంటే అలాంటి ఇంజన్ నేను వేయడం కూడా అదే మొదటిసారి.

చివరికి వీరేశ్ ఒప్పుకున్నాడు. ఇంజన్ ఉన్న చెక్కపెట్టె బెంగళూరు నుంచి లారీలో వచ్చిన రోజే పాత ఇంజన్ అదే లారీలో వెనక్కి పోవాలి. ఆ రోజు వీరేశ్‌తో పాటు వాళ్ల అవ్వ కూడా వచ్చింది. పేరు తిప్పమ్మ. చిన్న మనిషి, నుదుట పెద్ద బొట్టు, మగ్గం దగ్గర బతుకంతా నూలు చుట్టిన చేతులు. వచ్చీ రాగానే కొంగుతో పాత ఇంజన్ మీద మసి తుడిచి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుంది.

"మాకు శానా కష్టపడె ఇది. ఇప్పుడు యాడికి పోతాది నాయనా?" అని నన్ను అడిగింది.

నేను చెప్పాను. కంపెనీకి పోతుందని, పనికొచ్చే భాగాలన్నీ బాగుచేసి, ఇంకొకరి బండికి ఇస్తారని.

ఆమె చెక్కపెట్టె వైపు చూసింది. "అట్లయితే ఇప్పుడొచ్చింది గూడ ఎవురి బండిలోనో ఉండిందేనా?"

"అవునవ్వా. అది గూడ ఎవురికో పనిచేసిందే."

"అయ్యో తల్లీ," అంది ఆమె. ఎవరి గురించి అందో నాకప్పుడు అర్థం కాలేదు.

పెట్టె విప్పాం. ఇంజన్ వెండిలా మెరుస్తోంది. గాలి పోయే రంధ్రాలకు, నీళ్లు పోయే రంధ్రానికి ఎర్రటి ప్లాస్టిక్ మూతలు బిగించారు. దారిలో దుమ్మూ ధూళీ లోపలికి పోకుండా అన్నమాట. హెడ్ బోల్టుల మీద పచ్చరంగు గీతలు. ఆ గీత చెదిరితే ఎవరో విప్పారని కంపెనీకి తెలిసిపోతుంది, వారంటీ పోతుంది. నేను ఖాజాకు గట్టిగా చెప్పాను, మానిఫోల్డ్ గొట్టం బిగించే నిమిషం దాకా ఒక్క మూత కూడా తీయొద్దని. ఇంజన్ లోపలికి చిన్న మట్టిరేణువు పోయినా నష్టమే. మా షెడ్డులో మూత తీసేముందు చేతులు కడుక్కోవాలని నియమం. ఇంట్లో అన్నానికి కూర్చునేటప్పుడైనా మరిచిపోతానేమో గానీ అక్కడ మరవను.

మర్నాడు శుక్రవారం. ఇంజన్ బండిలోకి ఎక్కకముందే పూజ చేసుకుంటామని తిప్పమ్మవ్వ, వీరేశ్ భార్య పళ్లెం పట్టుకుని వచ్చారు. మా దగ్గర ఇది మామూలే. కొత్త టైరు వేసినా బొట్టు పెడతారు. అంతకుముందు ఒకాయన ఇంజన్ మీదనే టెంకాయ కొట్టి, నీళ్లు వైరింగులోకి పోయి నన్ను రెండు రోజులు ఏడిపించాడు. అందుకని ఈసారి నేను తెలివిగా ముందే చెప్పాను.

"బొట్టు పెట్టుకోండి, పూలు పెట్టుకోండి. టెంకాయ మాత్రం బయట రాయి మీద కొట్టల్ల. ఇంజన్ మీద ఒక్క సుక్క పడగూడదు."

"సరే నాయనా," అని ఆమె బుద్ధిగా తలూపింది.

ఖాజా నమాజుకు వెళ్లాడు. నేను బస్సులో పంపిన పైపు పార్సిల్ తెచ్చుకోవడానికి బస్టాండుకు పోయాను. తిరిగి వచ్చేసరికి పూజ అయిపోయింది, ఆడవాళ్లు వెళ్లిపోయారు. ఇంజన్‌కు నుదుట బొట్టు, మెడలో చామంతి దండ. టెంకాయ చిప్పలు బయటే ఉన్నాయి. మూతలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పద్ధతి తెలిసిన మనుషులని మనసులో మెచ్చుకున్నాను కూడా.

శనివారం పొద్దున పని మొదలుపెట్టాం. ఇంజన్ కిందనే ఉండగా ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టం, బిగిస్తే సులువు. చేతులు కడుక్కుని మొదటి ఎర్రమూత తీశాను. లోపలి అంచు మీద ఒక బియ్యపు గింజ ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "సూసినావా ఖాజా? కంపెనీ అంట, సీలంట! గోడౌన్ల ఎలుకలు కాపరం పెట్టిండాయి. బియ్యం మూటలు ఎలుకలు మోసుకొచ్చి ఇంజన్ల దాపెట్టుకున్యాయి. ఫోన్ ఇట్ల ఇయ్యి, ఈపొద్దు వాళ్ల సంగతి తేలుస్తా."

ఖాజా ఫోన్ ఇవ్వలేదు. వంగి ఆ గింజను చూశాడు. వేలి కొనతో తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు నింపాదిగా, "ఎలుకలు పసుపు పూసుకుంటాయా?"

గింజ పచ్చగా ఉంది. అక్షింతలు. రెండో మూత తీశాను, అక్కడ కొన్ని. మూడోది, నాలుగోది, అన్నిట్లోనూ పచ్చటి గింజలు. క్రాంక్, అంటే పిస్టన్లను ఆడించే ఇరుసు, ఎవరూ తిప్పకూడదని ఖాజాకు చెప్పాను. క్రాంక్ తిప్పితే వాల్వులు తెరుచుకుంటాయి, పోర్టులో, అంటే గాలి పోయే రంధ్రంలో ఆగిన గింజలు నేరుగా సిలిండర్‌లోకి జారిపోతాయి. క్రాంక్ తిప్పాల్సి వచ్చే ఫ్లైవీల్ పని ఇంకా పెట్టుకోలేదు కాబట్టి అప్పటిదాకా తిప్పలేదు. అది మా అదృష్టం.

వీరేశ్‌కు ఫోన్ చేశాను. అతను అవ్వకు ఫోన్ ఇచ్చాడు.

"అవ్వా, ఇంజన్‌కు ఎర్రమూతలుండ్య గదా, అవి తీసినావా?"

"తీసినా నాయనా. ప్యాకింగు తీయకుండ పూజ ఎట్ల సేస్తారు? మా టీవీకి గూడ ప్యాకింగు తీసినంకనే బొట్టు పెడ్తిమి. మళ్ల తుడిసి యాడియాడ పెట్టినా. ఒక్కటి గూడ పారేయలే."

"అక్షింతలు వేసినావా?"

"వెయ్యకుండ ఉంటారా? అది ఎవురింట్లో ఏం అగసాట్లు పడిందో, ఆడ నుంచి మనింటికొచ్చె. కొత్తకోడల్ని ఇంట్లోకి తీసుకొనేటప్పుడు దీవించరా? నిండుగ దీవిస్తి."

ఆ రోజు పెట్టె చూసి ఆమె అయ్యో తల్లీ అన్నది ఇందుకని అప్పుడు తెలిసింది. ఇక ఆమె మీద అరవలేకపోయాను.

"ఎన్ని గింజలు వేసినావవ్వా?"

"ఏందప్పా అట్ల అడుగుతావు? గింజలు లెక్కపెట్టి దీవిస్తారా ఎవురన్నా?"

మధ్యాహ్నం బస్సుకు అవ్వా మనవడూ ఇద్దరూ దిగారు. వీరేశ్ ముఖం నల్లబడిపోయింది. దారంతా ఆమెను తిట్టుకుంటూనే వచ్చినట్టున్నాడు. షెడ్డులో అడుగుపెడుతూనే మళ్లీ అందుకున్నాడు. "ముసల్దానికి పనీపాటా లేదన్నా. పాత ఇంజన్ పాయ, పెట్టిన దుడ్డు గూడ పాయ, ఇప్పుడిది గూడ పాయ. నేను యాడ సావల్ల? నీ సెయ్యే మంచిది గాదవ్వా, నువ్వు తాకిందేదీ..."

"నోరు ముయ్!" అని అరిచాను. షెడ్డు రేకులు మోగాయి. "రేడియేటర్ కారతాంటే నడిపినోడివి నువ్వు. బ్లాకు పగలగొట్టినోడివి నువ్వు. ఆయమ్మ దీవించింది. దీవించిన మనిషిని తిట్టేటోని బండి నేను ముట్టుకోను."

వీరేశ్ తల దించుకున్నాడు. తిప్పమ్మవ్వ రెండు చేతులూ కొంగులో దాచుకుని, స్టూలు మీద కాకుండా కింద నేల మీద కూర్చుంది. ఆమె ముఖం చూస్తే నాకు చాలా బాధ కలిగింది. బండి పోతే వీరేశ్ ఏదో ఒక పని వెతుక్కుంటాడు. కానీ ఆమె మిగిలిన బతుకంతా, ఇంటి ఆధారం తన చేతులతో పాడుచేశానని కుమిలిపోతుంది. అది నాకు ఇంజన్ కంటే పెద్ద సమస్యగా కనిపించింది.

ఆమె ముందు చతికిలబడి నెమ్మదిగా అడిగాను. "అవ్వా, ఏయే మూతలు తీసినావో సూపించు. ఎవురూ ఏమీ అనరు."

ఆమె లేచి వచ్చి వేలితో చూపించింది. "ఈ ఎర్రవి నాలుగు. మీద ఉండే పెద్దది ఒగటి. ఇంతే."

"పక్కన ఈ నల్లది?"

"అది గోరుకు రాలే నాయనా. గట్టిగా ఉండె. ఇడిసిపెట్టినా."

ఆ నల్లమూత కింద ఉన్నది ఆయిల్ దారి. ఇంజన్‌లో తిరిగే ప్రతి భాగానికీ ఆయిల్ అందించే సన్నటి దారులు అక్కడి నుంచే మొదలవుతాయి. అందులో ఒక్క గింజ ఇరుక్కుంటే బేరింగుకు ఆయిల్ అందక ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు మళ్లీ మొత్తం విప్పాలి, విప్పితే వారంటీ లేదు. నల్లమూత మీద కంపెనీవాళ్ల రంగు గీత చెదరకుండా ఉంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ప్రాణం కాస్త కుదుటపడింది.

ఇంకొక ప్రశ్న ఉంది. కంపెనీకి చెప్పాలా వద్దా? వీరేశ్ వద్దన్నాడు. ఖాజా చెప్పమన్నాడు. "దాపెడ్తే రేపు వేరే ఏం వచ్చినా ఈ బియ్యమే యాదికొస్తాదన్నా. నిద్ర పట్టదు," అన్నాడు. అతను చెప్పింది నిజం. ఫోన్ చేశాను. అవతల మాట్లాడింది ఎవరో తెలుగాయన, ఆ కంపెనీలో టెక్నికల్ సంగతులు చూసే మనిషి. జరిగిన విషయం చెప్పాను.

"బియ్యమా?" అన్నాడు. "పచ్చివా, వండినవా?"

"పసుపు కలిపినవి సార్."

తర్వాత ఆయన నవ్వుతున్నట్టు వినిపించింది. నవ్వాపుకుని, హెడ్ బోల్టుల జోలికి పోవద్దని, గ్లో ప్లగ్గులు తీసి లోపల కెమెరాతో చూడమని, శుభ్రమయ్యాక వీడియో పంపమని చెప్పాడు. పంపితే వారంటీ అలాగే ఉంటుందన్నాడు. ఆ మాట వినగానే వీరేశ్ వెళ్లి షెడ్డు గోడకు ముఖం ఆనించి నిలబడ్డాడు.

గ్లో ప్లగ్గులంటే చలిలో కూడా డీజిల్ అంటుకునేలా సిలిండర్ లోపల వేడిచేసే చిన్న కడ్డీలు. అవి తీస్తే పెన్సిల్ దూరేంత రంధ్రం ఉంటుంది. ఖాజా దగ్గర బోరోస్కోప్ ఉంది. సన్నటి వైరు చివర చిన్న లైటు, కెమెరా ఉంటాయి, లోపల కనిపించేది ఫోన్‌లో చూడొచ్చు. దాన్ని కొన్నప్పుడు నేనే ఎగతాళి చేశాను, మెకానిక్కువా, పొట్టలో పైపు వేసే డాక్టరువా అని.

ముందు పోర్టుల పని పట్టాం. బండ్లు కడిగే షాపు నుంచి ఖాజా వాక్యూమ్ తెచ్చాడు. దాని మూతికి సన్నటి డీజిల్ పైపు టేపుతో చుట్టి, ఒక్కో పోర్టులో పెట్టి పీల్చాం. గింజలు టకటకమని పైపులోకి పోతుంటే ఆ చప్పుడు మా చెవులకు హాయిగా ఉంది. మూసి ఉన్న వాల్వుల మీద ఆగినవన్నీ వచ్చేశాయి. మూడో సిలిండర్‌లో మాత్రం వాల్వు సగం తెరిచి ఉంది. కెమెరా దించగానే ఫోన్‌లో పిస్టన్ తలకట్టు కనిపించింది. దాని మీద రెండు పచ్చటి గింజలు.

"అవ్వా, ఇట్ల రా. నీ దీవెనలు యాడున్నాయో సూడు," అన్నాడు ఖాజా.

ఆమె వచ్చి ఫోన్ వైపు చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాం. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఖాజా కంగారుపడి, "ఊరికే అన్నానవ్వా, అల్లా మీదొట్టు," అన్నాడు.

ఒక గింజ పైపుకు తగిలి వచ్చేసింది. రెండోది పిస్టన్ అంచుకు జరిగి, సిలిండర్ గోడకు ఆనుకుని మొండికేసింది. ఎంత పీల్చినా రాదు. పైపు అక్కడికి వంగదు. అది అక్కడే ఉండి ఇంజన్ తిరిగితే గోడ మీద గీత పడొచ్చు, పడకపోవచ్చు కూడా. పడకపోవచ్చు అనే మాట మీద నేను బండి ఇవ్వను. మెత్తటి రాగి తీగ తీసుకుని, కొన కొంచెం వంచి, దానికి గట్టి గ్రీజు పూసి దించాను. ఖాజా కెమెరా పట్టుకుని దారి చెబుతున్నాడు. "కుడికి, ఇంకొంచెం, ఆపు, ఎడమకి." రెండుసార్లు అంటుకుని జారింది. నాకు కోపం నెత్తికెక్కుతోంది. ఖాజా నా వైపు చూశాడు. స్పానర్ విసరడానికి వీల్లేని పని కాబట్టి తమాయించుకున్నాను. మూడోసారి గింజ గ్రీజులో కూరుకుపోయి, తీగతో పాటు బయటికి వచ్చింది. వీరేశ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే చూశాడు.

మిగిలింది నీళ్ల దారి. ఆమె తీసిన పెద్దమూత దానిదే. అందులో గింజలుంటే ఏమవుతుందని వీరేశ్ అడిగాడు.

"ఏమయితాది? నీళ్లు మసిలేకొద్దీ అన్నం ఉడుకుతాది. ఉడికి పోయి రేడియేటర్ల అడ్డం పడ్తాది. పత్తికొండ పోయేలోపల నీకు ముద్దకు దొరుకుతాది," అన్నాను. ఆ రోజు మొదటిసారి అందరూ నవ్వారు. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

బ్లాక్ పక్కనున్న నీళ్లు తీసే బోల్టు విప్పి, పైనుంచి నీళ్లు వదిలాం. టీ అంగడి నుంచి తెచ్చిన జల్లెడ కింద పెట్టాం. జల్లెడ పట్టుకునే పని అవ్వ తనే తీసుకుంది. గింజలు వచ్చేశాయి. ఆ తర్వాత ఎంతసేపు నీళ్లు పోసినా ఒక్కటీ రాలేదు. ఆఖరుకి క్రాంక్‌ను స్పానర్‌తో మెల్లగా చేత్తో తిప్పుతూ, ఒక్కో వాల్వు తెరుచుకున్నప్పుడల్లా మళ్లీ కెమెరా పెట్టి చూశాం. రెండో పోర్టులో వాల్వు కడ్డీ చాటున నక్కిన ఇంకొక గింజ దొరికింది. అది దొరికాక నేను నమ్మకం కుదిరేదాకా అన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాను. వీడియో పంపాం. కంపెనీ ఆయన ఓకే అని రాసి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

తర్వాతి పని మామూలే. మానిఫోల్డ్, టర్బో, క్లచ్ బిగించాం. కారిన పాత రేడియేటర్ పారేసి కొత్తది వేశాం, అది లేకుండా బండి ఇవ్వనని ముందే చెప్పాను. చైన్ పుల్లీతో ఇంజన్ ఎత్తి బండిలో కూర్చోబెట్టాం. ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించుకోవడానికి కావాల్సిన కాగితాలు వీరేశ్ చేతికిచ్చాను. తర్వాత ప్రైమింగ్. అంటే డీజిల్ ఆపేసి, సెల్ఫ్ మాత్రం కొడుతూ, ఆయిల్ ఇంజనంతా పాకేదాకా తిప్పడం. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరిపోయింది. ఇక స్టార్ట్ చేయడమే మిగిలింది.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ వచ్చారు. మగ్గం మీద నుంచి ఎప్పుడూ లేవని వీరేశ్ నాన్న కూడా వచ్చాడు. వీరేశ్ భార్య పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు ఉన్నాయి. నిమ్మకాయలున్నాయి. అక్షింతలు లేవు. తిప్పమ్మవ్వ కనిపించలేదు. చూస్తే షెడ్డు బయట, రోడ్డు పక్కన, ఎవరో దారినపోయే మనిషిలాగా నిలబడి ఉంది.

"అవ్వను పిల్చుకోనిరా," అన్నాను వీరేశ్‌తో.

వీరేశ్ వెళ్లాడు. ఏదో చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నేనే వెళ్లాను.

"లోపలికి రావవ్వా?"

"వద్దులే నాయనా. మీరు కానీయండి. నా సెయ్యి మంచిది గాదు. నేను ఈన్నుంచే సూస్తా."

వీరేశ్ నోటి నుంచి జారిన మాట ఆమె ఇంకా మోస్తోంది. నేను మాటలు తెలిసిన మనిషిని కాను. చూస్తే ఆమె కొంగు చివర చిన్న ముడి ఉంది. నేను అటు చూడగానే ఆమె చేయి దాన్ని కప్పేసింది.

"అక్షింతలు తెచ్చినావు గదా?"

ఆమె ముడిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"తెచ్చినావు. నాకు తెల్సు. అవ్వా, ఇంజన్‌కు నోళ్లు శానా ఉంటాయి, దాని మీద వెయ్యకు. ఇదో, నా తల ఉండాది. దీనికి మూతలు లేవు, వారంటీ లేదు, లోపల పాడయ్యేదేమీ లేదు. దీని మీద వెయ్యి." అని ఆమె ముందు తల వంచాను. ముందు ఏదో మాటవరసకు అన్నట్టే అన్నాను కానీ, వంచాక మాత్రం నిజంగానే వంచాను.

ఆమె చేయి చాలాసేపు ముడి మీదే ఉండిపోయింది. తర్వాత మెల్లగా విప్పింది. తల మీద గింజలు పడ్డాయి. మెడ మీదికి, చొక్కా కాలర్‌లోకి జారాయి. "సల్లగుండు నాయనా. నీ సేతులు సల్లగుండల్ల," అంది. నా పెళ్లయ్యాక నా తల మీద ఎవరూ అక్షింతలు వేయలేదు. మెకానిక్ చేతులను తిట్టినవాళ్లే గానీ దీవించినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. కళ్లు చెమ్మగిల్లాయి, చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

వెనక ఖాజా వచ్చి నిలబడ్డాడు. "నాకు లేదా అవ్వా?" అంటూ టోపీ తీసి తల వంచాడు. అతనికీ పడ్డాయి. అప్పుడు వీరేశ్ వచ్చాడు. తల వంచలేదు, ఏకంగా ఆమె కాళ్ల మీద పడ్డాడు. "తప్పయిపోయె అవ్వా" అన్నాడు. ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచి, మిగిలిన గింజలన్నీ అతని నెత్తిన పోసేసింది.

సెల్ఫ్ కొట్టాను. ఇంజన్ ఒక్కసారి దగ్గి, అంటుకుంది. తర్వాత చక్కగా, సమంగా పాడింది. నేను బానెట్ కింద తలపెట్టి చెవి ఒగ్గి విన్నాను. ఎక్కడా కటకట లేదు, పొగ లేదు. ఆయిల్ లైటు లేదు. నీళ్ల వేడి చూపే ముల్లు ఉండాల్సిన చోట ఉంది. నా ఒంట్లో ఉన్న బరువంతా దిగిపోయింది. ఖాజా ఇచ్చిన టీ అక్కడే నేల మీద కూర్చుని తాగాను.

ఆ బండి ఇప్పటికీ ఎమ్మిగనూరు రోడ్డు మీద తిరుగుతోంది. వీరేశ్ షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు హారన్ కొట్టి పోతాడు. రేడియేటర్ నీళ్లు తనే చూసుకుంటాడు. ఆ తర్వాత నేను అలాంటి రీమాన్యుఫ్యాక్చర్డ్ ఇంజన్లు ఇంకా కొన్ని వేశాను, హాలహర్వి వైపు నుంచి కూడా వస్తారు. పెట్టె రాగానే మొదట మూతలన్నిటి మీదా టేపు చుట్టేస్తాను, మీద శుభ్రమైన దుప్పటి కప్పుతాను. ఎమ్మిగనూరు దుప్పటే, తిప్పమ్మవ్వ కొడుకు నేసింది. పూజకు వద్దని ఎవరికీ చెప్పను. మనుషులు తమ బతుకుదెరువును దేవుడికి చూపించుకోవాలనుకుంటారు, అది వాళ్లకు ముఖ్యం. నా పని ఆ పూజను ఆపడం కాదని, అది ఇంజన్‌లో పడకుండా చూసుకోవడమేనని ఆ బండితో తెలిసింది. కాబట్టి పళ్లెం పట్టుకుని వచ్చినవాళ్లతో ఒకటే మాట చెబుతాను. బొట్టు ఇంజన్‌కు, అక్షింతలు మెకానిక్‌కు.

వాళ్లు నవ్వుతూ వేస్తారు. వేయించుకుంటాను. ఇంటికి వెళ్లాక నా భార్య బట్టలు ఉతకడానికి తీసి జేబు దులుపుతుంది. నాలుగు పచ్చటి గింజలు కింద రాలితే అక్కడి నుంచే అడుగుతుంది.

"ఈపొద్దు ఎవురి ఇంజన్ స్టార్టయిందప్పా?"